బ్రూక్షాబాద్ నుంచి అమెరికాకు: కొత్తగా వెళ్లేవారికి ఏ ఆంగ్లం కావాలి?

వేసవిలో బ్రూక్షాబాద్‌లో ఉదయం ఆరు గంటలైతే అమెరికాలోని డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. అండమాన్‌లో అప్పటికి ఎండ బాగా వచ్చేసి ఉంటుంది. కూతురో కొడుకో అమెరికాలో స్థిరపడిన ఇంట్లో ఆ వేళ వీడియో కాల్ మోగడం ఇప్పుడు మామూలు విషయమే. ఇది ఇంత సులువు కావడానికి కారణం చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన కేబుల్. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు ఉపగ్రహ సంబంధాల మీదే ఆధారపడిన దీవులకు ఆన్‌లైన్ పాఠం వినడం కూడా ఒక పరీక్షగానే ఉండేది.

ఆ కాల్స్‌లో ఏదో ఒక రోజు ఒక మాట వస్తుంది. "అమ్మా, నాకు నెలలు నిండుతున్నాయి, నువ్వు ఒక ఆరు నెలలు వచ్చి ఉండాలి." ఆ మాట విన్న క్షణం నుంచి తల్లి మనసులో రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి విమానం, రెండోది ఆంగ్లం. మొదటిది ఇరవై నాలుగు గంటల్లో తీరిపోతుంది. రెండోది ఆరు నెలలూ ఉంటుంది. అల్లుడూ కూతురూ ఆఫీసుకు వెళ్లాక, పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న ఇంట్లో తలుపు తట్టిన మనిషికి ఏం చెప్పాలో తెలియకపోవడం చిన్న ఇబ్బందేమీ కాదు.

ఇలా కొత్తగా వెళ్లేవారికి ఆంగ్లం నేర్పే ప్రయత్నాలు చాలా పాతవి. అయితే ఎవరికి, ఏది, ఎందుకు నేర్పాలన్న ప్రశ్నకు జవాబు ప్రతి తరంలోనూ మారుతూ వచ్చింది.

దీవుల్లో ఒకసారి గెలిచిన పాఠం

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. పోర్ట్ బ్లెయిర్‌లోనూ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) దాని శివార్లలోనూ ఉన్న తెలుగువారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువ. వలలు పట్టుకుని వచ్చినవారు, తాపీ పనికి వచ్చినవారు, ప్రభుత్వ కొలువుకు వచ్చినవారు, అందరూ దిగిన రోజున ఇక్కడి ఉమ్మడి భాషకు కొత్తవారే. ఆ ఉమ్మడి భాష హిందీ. బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ, నికోబారీ ఇళ్లవాళ్లంతా వీధిలో కలుసుకునేది ఆ భాషలోనే.

ఆ హిందీని వారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎక్కువ మంది ఏ బడిలోనూ కాదు. అబర్డీన్ బజారులో బేరమాడుతూ, బస్సులో టికెట్ అడుగుతూ, పక్కింటి వారితో నీళ్ల గురించి మాట్లాడుతూ నేర్చుకున్నారు. లింగభేదాలు తప్పుపోయాయి, క్రియలు అటూ ఇటూ అయ్యాయి, కాని పని జరిగింది. అరవై ఏళ్ల వయసులో "నాకు ఇక భాషలు రావు" అనే తల్లి, ముప్పయ్యేళ్ల వయసులో ఒక భాషను వట్టి అవసరంతోనే పట్టుకున్న మనిషి అన్న సంగతి ఆమెకే గుర్తుండదు. ఆంగ్లం నేర్పే ఎవరైనా ముందు ఆమెకు గుర్తు చేయవలసింది ఇదే.

కరిగించే కుండ నుంచి రేడియో దాకా

ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో ఐరోపా నుంచి లక్షలాది కార్మికులు అమెరికా చేరినప్పుడు, వారికి భాష నేర్పే పని స్వచ్ఛంద సంస్థలు, కర్మాగారాలు తలకెత్తుకున్నాయి. వైఎంసీఏకు చెందిన పీటర్ రాబర్ట్స్ అనే విద్యావేత్త ఒక పద్ధతిని రూపొందించారు. వ్యాకరణం నుంచి కాకుండా నిద్ర లేవడం, ముఖం కడుక్కోవడం, అల్పాహారం, పనికి వెళ్లడం వంటి రోజువారీ పనుల వరుసలో వాక్యాలు నేర్పడమే అందులోని కీలకం. కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ 1914లో తన కార్మికుల కోసం ప్రారంభించిన ఆంగ్ల పాఠశాల కూడా ఈ పద్ధతినే అనుసరించింది.

పద్ధతి మంచిదే. కాని ఆ పాఠశాల పట్టాల ప్రదానోత్సవం గురించి చదివితే ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది. వేదిక మీద ఒక పెద్ద కుండ బొమ్మ. కార్మికులు తమ తమ దేశాల దుస్తులతో అందులోకి దిగి, అమెరికా దుస్తుల్లో, చేతిలో అమెరికా జెండాతో బయటికి రావాలి. భాష నేర్చుకోవడమంటే పాత మనిషి కరిగిపోవడమే అన్నది ఆ ప్రదర్శన సారాంశం. నేర్పే వాక్యాల్లోనూ ఉదయం పళ్లెలా తోముకోవాలి, ఇల్లెలా ఉంచుకోవాలి అన్న ఉపదేశం కలిసే ఉండేది. నాగరికత తెలియనివారు వస్తున్నారన్న చూపు అందులో దాగలేదు.

అదే కాలానికి కొంచెం తర్వాత, 1922లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరుకున్నారు. వైద్యవిద్య చదివిన మనిషి ఖర్చులు గడవక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేశారు. చదువుల ఆంగ్లం ఆయనకు ఇక్కడే వచ్చు. అది ఉన్నంత మాత్రాన కొత్త దేశంలో జీవితం సాఫీగా సాగదని చెప్పడానికే ఆయన పేరు తలుచుకోవడం.

తర్వాతి దశ రేడియోది. బీబీసీ 1943లోనే రేడియో ద్వారా ఆంగ్లం నేర్పడం ఆరంభించింది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959 అక్టోబరు 19న "స్పెషల్ ఇంగ్లిష్" పేరిట ఒక ప్రసారం మొదలుపెట్టింది. సుమారు 1,500 మాటల పరిధిలో, చిన్న వాక్యాలతో, మామూలు వార్తల కన్నా బాగా నిదానంగా చదివేవారు. ఆ సంస్థే దశాబ్దాల తర్వాత 52 పాఠాల వీడియో శ్రేణిని రూపొందించింది. వాషింగ్టన్ నగరానికి కొత్తగా వచ్చిన ఆనా అనే యువతి ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు ఒక్కొక్కటిగా అమర్చుకోవడం అందులోని కథ. రాబర్ట్స్ పద్ధతికి ఇది మనవరాలు అనుకోవచ్చు. కుండ లేదు, ఉపదేశం లేదు, పని మాత్రం ఉంది.

అయితే ఆనా వయసులో చిన్నది, ఒంటరిగా ఉద్యోగానికి వచ్చినది. మన ఇళ్ల నుంచి వెళ్లేవారిలో కొత్త కోడళ్లు, బామ్మలు, తాతయ్యలు కూడా ఉన్నారు. వారి ఆరు నెలల జీవితానికి సరిపోయే పాఠం ఇంట్లోనే తయారు చేసుకోవలసి ఉంటుంది.

తెలుగు నోరు, అమెరికా చెవి

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ మనకు బస్సు అయింది, కార్డ్ కార్డు అయింది. తెలుగువారి మధ్య ఇది అందమే. కాని అమెరికన్ చెవి మాటలోని అక్షరాల లెక్కను బట్టి, ఏ భాగం మీద ఒత్తు పడింది అన్నదాన్ని బట్టి మాటను గుర్తుపడుతుంది. చివర ఒక 'ఉ' చేరితే అది వేరే మాటేమోనని తడబడుతుంది. ఫోన్‌లో పేరుకు స్పెల్లింగ్ చెప్పేటప్పుడు మనలో చాలామంది ఎల్, ఎమ్, ఎన్ అక్షరాలను యల్, యమ్, యన్ అంటారు. అవతలి మనిషి ముందు 'వై' అక్షరం రాసుకునే ప్రమాదం ఉంది. "ఎన్ యాజ్ ఇన్ నాన్సీ" అంటూ ఒక్కో అక్షరానికి ఒక్కో మాట జోడించి చెప్పడం అక్కడి అలవాటు. దాన్ని నేర్చుకుంటే సగం చిక్కు తీరుతుంది.

వినడంలో మరో చిక్కు. అమెరికన్ల నోట మాట మధ్యలోని 'ట' మెత్తబడి దాదాపు 'డ' అవుతుంది. వాటర్ అన్నది వాడర్‌లా వినిపిస్తుంది. బ్రిటిష్ ఆంగ్లపు మాటలతో పెరిగిన మనకు వస్తువుల పేర్లు కూడా మారతాయి. లిఫ్ట్ అక్కడ ఎలివేటర్, పెట్రోల్ గ్యాస్, కారు డిక్కీ ట్రంక్, వంకాయ ఎగ్‌ప్లాంట్, బెండకాయ ఓక్రా, పెరుగు యోగర్ట్. మన గ్రౌండ్ ఫ్లోర్‌ను అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటారు కనుక ఆసుపత్రిలో ఒక అంతస్తు పైకి వెళ్లి వెతుక్కునేవారు ఉంటారు. తేదీలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. 03/04 అంటే మార్చి 4.

ఇక మర్యాద విషయం. ఇది ఉచ్చారణ కన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంది. "కొంచెం నీళ్లు ఇవ్వండి" అన్నప్పుడు ఆ "అండి" మొత్తం బరువు మోస్తుంది. ఆ వాక్యాన్ని మాటకు మాట మార్చితే "గివ్ వాటర్" అవుతుంది. చెప్పిన తల్లి ఎంతో వినయంగానే చెప్పింది, విన్నవారికి ఆజ్ఞలా తగిలింది. "కుడ్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?" అనే ఒక్క అచ్చును నోటికి పట్టించి, నీళ్ల స్థానంలో ఏ వస్తువైనా పెట్టుకోమంటే చాలు. అలాగే మనం ఇంట్లోవారికి కృతజ్ఞతలు చెప్పం, చెబితే పరాయివాళ్లను చేసినట్టు. అక్కడ తలుపు పట్టుకున్న అపరిచితుడికి కూడా థ్యాంక్యూ చెప్పాలి. దారిలో ఎదురైన మనిషి "హౌ ఆర్ యూ?" అంటే మోకాళ్ల నొప్పి గురించి అడగడం లేదు. అది మన నమస్కారంతో సమానం. "గుడ్, హౌ ఆర్ యూ?" అని నడిచిపోవడమే జవాబు.

"యెస్" అనే ప్రమాదం

నిజంగా ప్రాణం మీదికి రాగల తేడా ఒకటుంది. దీని గురించి పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు.

"మీకు ఏ మందూ పడకపోవడం లాంటిది లేదు కదా?" అని తెలుగులో వైద్యుడు అడిగితే, లేనివారు "అవునండీ, లేదు" అంటారు. మన "అవును" అడిగినవారి మాట నిజమని ఒప్పుకోవడం. అమెరికన్ నర్సు "యూ డోంట్ హావ్ ఎనీ అలర్జీస్?" అని అడిగినప్పుడు అదే అలవాటుతో "యెస్" అంటే, ఉన్నాయనే అర్థం. వెంటనే ఏ మందు అని మరో ప్రశ్న వస్తుంది, ఈమె అయోమయంలో పడుతుంది. దీనికి తిరగబడిన సందర్భం ఇంకా ప్రమాదకరం. పెన్సిలిన్ పడని మనిషి, నర్సు మాట తప్పని చెప్పడానికి, "కాదు, ఉంది" అన్న తెలుగు ఆలోచనతో "నో" అని ఆగిపోతే, అలర్జీ లేదనే రాసుకుంటారు. అందుకే ఆసుపత్రిలో ఒంటి "యెస్", ఒంటి "నో" వాడకూడదు. "నో అలర్జీస్" అనో, "ఐయామ్ అలర్జిక్ టు పెన్సిలిన్" అనో పూర్తిగా చెప్పాలి. ఇంట్లో వారం రోజులు ఈ ఒక్క ప్రశ్నను తిప్పి తిప్పి అడుగుతూ సాధన చేయిస్తే, మిగతా పాఠాలన్నీ వాయిదా వేసినా నష్టం లేదు.

జబ్బుల పేర్లూ అంతే. మనం "బీపీ ఉంది", "మోషన్స్ అవుతున్నాయి" అంటాం. అక్కడ హై బ్లడ్ ప్రెషర్, డయేరియా అనాలి. నొప్పి ఎలా ఉందంటే తెలుగులో పోటు, సలుపు, మంట, గుంజు అంటూ ఎన్నో రకాలు చెప్పగలం. అక్కడ సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమంటారు. మన అమ్మలు ఎంత నొప్పి ఉన్నా "కొంచెమే" అనడానికి అలవాటుపడినవారు. ఎనిమిది ఉన్న చోట మూడు అంటే వారి వంతు వెనక్కి వెళ్తుంది. మరొకటి: మన పారాసిటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు, టైలినాల్ అనే పేరుతో దొరికేది అదే. పేర్లు వేరు కదా అని సంచిలోని డోలో ఒకటీ అక్కడి టైలినాల్ ఒకటీ కలిపి వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయానికి హాని జరగవచ్చు.

అత్యవసరమైతే నొక్కవలసిన సంఖ్య 911. అటువైపు వారు ముందుగా అడిగేది మీరెక్కడ ఉన్నారని. బ్రూక్షాబాద్‌లో మనం చిరునామాను గుడి పక్కన, దుకాణం ఎదురుగా అని చెబుతాం. అక్కడ ఇంటి నంబరు, వీధి, అపార్ట్‌మెంట్ నంబరు, ఊరు చెప్పాలి. ఆ నాలుగింటినీ తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించమని కూతురికి చెప్పండి. మాట తోచకపోతే చిరునామా చదివి, "తెలుగు, తెలుగు" అని చెప్పి ఫోన్ పెట్టకుండా ఉంటే, చాలాచోట్ల దుబాసీని లైన్ మీదికి తెస్తారు. పొరపాటున ఆ నంబరు నొక్కినా ఫోన్ కట్ చేయకుండా, పొరపాటు జరిగిందని చెప్పాలి. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు భాష రానివారికి దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం దీనికి ఆధారం. "తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్" అని అడగడం నామోషీ కాదు, హక్కు.

పోపు పెట్టినా గంట మోగే ఇల్లు

రోజువారీ జీవితంలో భాషతో సంబంధం లేనట్టు కనిపించే విషయాలు కొన్ని ఉన్నాయి. చెక్కతో కట్టిన ఇళ్లు ఎక్కువ కనుక పొగను పసిగట్టే పరికరం ప్రతి ఇంట్లో ఉంటుంది. ఎండుమిర్చి పోపు ఘాటుగా వేస్తే అది కూత పెడుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్ భవనంలో అలారం మోగితే అందరూ మెట్ల మీదుగా బయటికి రావాలి, ఫైరింజన్ కూడా రావచ్చు. పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేసుకోవడం మొదటి పాఠం. "ఇట్స్ జస్ట్ కుకింగ్ స్మోక్" అన్నది రెండో పాఠం.

దుకాణంలో ధర చీటీ మీద ఉన్న మొత్తానికి చాలా రాష్ట్రాల్లో అమ్మకపు పన్ను కౌంటరు దగ్గర కలుస్తుంది. మోసం కాదు. కూర్చుని భోజనం చేసే చోట 15 నుంచి 20 శాతం టిప్ ఆనవాయితీ. ఎండను ఫారెన్‌హీట్‌లో చెబుతారు. జ్వరానికి మనమూ ఆ లెక్కే వాడతాం కనుక 98.6 పరిచయమే, కాని బయట 32 అన్నారని శాలువా లేకుండా వెళ్తే నీళ్లు గడ్డకట్టే చలి ఎదురవుతుంది.

పేరు సంగతి మాత్రం కొంచెం ఓపికగా చూడాలి. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. వారు లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు అడుగుతున్నారు, పేరులో చివరి మాట కాదు. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పేరు ఉన్నవారికి వీసాలో మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అన్న అక్షరాలు చేరతాయి. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత ఆసుపత్రిలో ఆమెను "ఫ్నూ" అని పిలిస్తే అది తననే అని తెలియక కూర్చుండిపోయే అవకాశం ఉంది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరు, పేరు రెండు గళ్లూ నింపుకోవడం మేలు.

విమానాశ్రయంలో మూడు వాక్యాలు

వీసా పది సంవత్సరాలకు ఇచ్చారంటే పదేళ్లు ఉండవచ్చని కాదు. ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది దిగిన చోట అధికారి. సందర్శకులకు సాధారణంగా ఆరు నెలల వరకు అనుమతిస్తారు, ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. అది దాటితే తర్వాతి ప్రయాణాలకే ముప్పు. అధికారి అడిగేవి ఎక్కువగా మూడు: ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు. మూడు చిన్న వాక్యాల్లో నిజం చెప్పాలి. ఎండుచేపలైనా ఆవకాయైనా, తినే వస్తువులు ఉన్నాయా అంటే ఉన్నాయనే చెప్పాలి. చెప్పిన వస్తువు నిషిద్ధమైతే తీసేసుకుంటారు, అంతే. దాచిన వస్తువు దొరికితే జరిమానా పడుతుంది.

ఫోన్‌లో వచ్చే బెదిరింపులకు కూడా ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకోవాలి. పన్నుల శాఖ పేరుతోనో వలస అధికారుల పేరుతోనో ఫోన్ చేసి, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమనేవారు మోసగాళ్లే. ఏ ప్రభుత్వ శాఖా గిఫ్ట్ కార్డులు అడగదు. "ఐ విల్ ఆస్క్ మై డాటర్" అని చెప్పి ఫోన్ పెట్టేయవచ్చు. 911 విషయంలో పెట్టకూడదన్నాం, ఇక్కడ పెట్టేయాలి.

అక్కడికి వెళ్లాక సాధనకు మంచి చోటు ప్రజా గ్రంథాలయం. చాలా ఊళ్లలో కొత్తవారి కోసం ఉచిత ఆంగ్ల సంభాషణ బృందాలు నడుస్తాయి. సందర్శక వీసాపై వెళ్లినవారు చదువుల కోసం కళాశాలల్లో చేరకూడదు. గ్రంథాలయంలో కూర్చుని నలుగురితో మాట్లాడటం ఆ కోవలోకి రాదు. హెచ్-4 వీసాపై వెళ్లే జీవిత భాగస్వాములు మాత్రం చదువుకోవచ్చు. వారు మొదటి నెలల్లోనే వయోజన విద్యా కేంద్రంలో చేరడం మంచిది. ఆలస్యమైన కొద్దీ ఇల్లు మరీ హాయిగా అనిపించి, బయట మరీ దూరంగా అనిపిస్తుంది.

ఇవతల బ్రూక్షాబాద్‌లో, ప్రయాణానికి రెండు నెలల ముందు, రోజుకు పావుగంట చాలు. వీడియో కాల్‌లో కూతురే నర్సు అవుతుంది, అల్లుడు విమానాశ్రయ అధికారి అవుతాడు. అమ్మ జవాబు చెబుతుంది. మొదటి రోజు నవ్వులే ఎక్కువ ఉంటాయి. వాక్యాలను కూతురి గొంతుతోనే రికార్డు చేసి పంపమంటే, వంట చేసుకుంటూ వినవచ్చు. అపరిచితుల ఉచ్చారణ కన్నా ఆ గొంతు అమ్మ చెవికి ముందే పరిచయం. తప్పు పట్టుకోవడానికి తొందరపడవద్దని మాత్రం పిల్లలకు చెప్పాలి. అబర్డీన్ బజారులో ఈమె హిందీని కూరగాయల అతను ఒక్కరోజూ దిద్దలేదు. అర్థం చేసుకుని, తూకం వేసి ఇచ్చాడు.